రిమోట్ ల్యాబ్‌కి తాళం ఎక్కడ వెయ్యాలి? మోటారు దగ్గర మొదలుపెట్టండి

2021 జూన్. రాత్రి ఒంటిగంట దాటింది. మా కాలేజీ వాచ్‌మన్ బాబాయ్ ఫోన్ చేశాడు. "సార్, మీ ల్యాబ్‌లో గ్రైండర్ ఏదో వేసి వదిలేసినట్టున్నారు. తలుపుకి తాళం వేసే ఉంది, లోపల మాత్రం తిరుగుతోంది."

గ్రైండర్ కాదు, మోటారు. పిల్లలు ఇంట్లో కూర్చుని స్పీడ్ కంట్రోల్ ప్రయోగం చేసుకుంటారని నేనే అమర్చిన 24 వోల్టుల డీసీ మోటారు. వరండాలో ఉన్న ఎంసీబీ దించమంటే "నేను ముట్టుకున్నాక ఏమన్నా అయితే నా మీదకొస్తుంది సార్" అన్నాడు. కర్ఫ్యూలో ఆరు కిలోమీటర్లు బండి మీద వెళ్ళి నేనే దించాను. తలుపు తియ్యగానే గుప్పున వార్నిష్ వాసన.

ఎవరు నడిపారో ఇవాళ్టికీ తెలియదు. తెలిసే వీలు నేనే ఉంచలేదు. ల్యాబ్ పీసీలో ఒక రిమోట్ డెస్క్‌టాప్ యాప్ వేసి, దాని పిన్ను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 64 మందికీ ఒకటే పిన్. ఎవడో రన్ నొక్కి, ఫుల్ స్పీడుకి పెట్టి, నెట్ పోతే అలాగే పడుకుని ఉంటాడు. వాడిలో దొంగ బుద్ధి ఏమీ లేదని నా నమ్మకం. తప్పంతా నా అమరికదే.

నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈఈఈ ల్యాబ్ టెక్నీషియన్‌ని. చదివింది డిప్లొమా. సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఏవీ లేవు. ఆ రాత్రి తర్వాత అదే ల్యాబ్‌ని విప్పి మళ్ళీ కట్టాను, ఇప్పుడు అందులో ఆరు ప్రయోగాలు నడుస్తున్నాయి. మీ కాలేజీలో కూడా అలాంటిది పెట్టమని హెచ్‌ఓడీ మీ నెత్తిన పెడితే, ఏ వరసలో చెయ్యాలో చెబుతాను.

ముందొక మాట. వర్చువల్ ల్యాబ్ వేరు, రిమోట్ ల్యాబ్ వేరు. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో ఎక్కువ భాగం సిమ్యులేషన్లే. అక్కడ తప్పు విలువ కొడితే తెర మీద తప్పు గ్రాఫ్ వస్తుంది, అంతే. రిమోట్ ల్యాబ్‌లో అవతలి పక్క నిజంగా ఒక ఇనప వస్తువు తిరుగుతుంది, వేడెక్కుతుంది. వెబ్‌సైట్ సెక్యూరిటీ తెలిసిన మా సీఎస్‌ఈ మిత్రులు ఇంటర్నెట్ వైపు నుంచి లోపలికి వస్తారు: ముందు ఫైర్‌వాల్, తర్వాత లాగిన్, చివర్లో మెషీన్. నేను తిరగేసి చేస్తాను. బయటివాడు లోపలికి వచ్చేశాడనే అనుకోండి, వాడి చేతిలో మౌస్ ఉందనే అనుకోండి. అప్పుడు కూడా మోటారు కాలకూడదు. అది కుదిరాకే మిగతా తాళాలు.

త్రీ పాయింట్ స్టార్టర్‌ని ఒకసారి తలుచుకోండి

మెషీన్స్ ల్యాబ్‌లో డీసీ షంట్ మోటారు పక్కన నల్ల డబ్బా. మోటారుని మొదలుపెట్టే హ్యాండిల్ దాని మీదే ఉంటుంది, అదే త్రీ పాయింట్ స్టార్టర్. కరెంటు పోతే, హ్యాండిల్‌ని పట్టి ఉంచే నో వోల్ట్ కాయిల్ పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు హ్యాండిల్‌ని ఆఫ్‌కి లాగేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా మనిషి వచ్చి హ్యాండిల్ జరిపితే తప్ప మోటారు కదలదు. ఆ కాయిల్ ఫీల్డుతో (మోటారులో అయస్కాంతంలా పనిచేసే వైండింగుతో) సిరీస్‌లో ఉంటుంది కాబట్టి ఫీల్డు తెగినా హ్యాండిల్ వెనక్కే. లేకపోతే షంట్ మోటారు స్పీడు పట్టపగ్గాలు లేకుండా పెరిగిపోతుంది. వైవాలో ఏటా అడిగే ప్రశ్నే, జవాబు చెప్పని పిల్లాడు ఉండడు. అదే డబ్బా రిమోట్ ల్యాబ్‌కి కూడా కావాలని మాత్రం నాకు తట్టలేదు.

నా ల్యాబ్‌లో ఇప్పుడు నో వోల్ట్ కాయిల్ పని చేసేది ఒక చిన్న ఆర్డువీనో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రాము ఎక్కించుకుని నడిపే కంట్రోలర్). దాన్ని కాపలా బోర్డు అంటాను. విద్యార్థి తెర నుంచి సెకనుకొకసారి "ఉన్నాను" అనే సంకేతం రావాలి. వరసగా ఐదు సెకన్లు రాకపోతే రిలే (బోర్డు చెప్పినట్టు తెరుచుకుని మూసుకునే స్విచ్) పడిపోతుంది, మోటారు ఆగుతుంది. సంకేతం మళ్ళీ వచ్చినా దానంతట అది మొదలవ్వదు, స్టార్ట్ మళ్ళీ నొక్కాల్సిందే. ఈ లెక్క ల్యాబ్ పీసీలో పెట్టొద్దు. పీసీ హ్యాంగ్ అయితే లెక్క కూడా హ్యాంగే. కాపలా బోర్డే హ్యాంగ్ అయితే? అందులోని చిప్ ఏటీమెగా 328పీకి సొంత వాచ్‌డాగ్ (హ్యాంగ్ అయితే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) ఉంది, గరిష్ఠంగా 8 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. నేను 2 సెకన్లు పెట్టాను.

ఇక్కడ ఒక గుంట ఉంది, నేను పడ్డాను. బజార్లో దొరికే నీలం రిలే మాడ్యూళ్ళు చాలావరకు యాక్టివ్ లో. అంటే పిన్ సున్నాకి దిగితే రిలే పట్టుకుంటుంది. బోర్డు బూట్ అయ్యే ఆ క్షణంలో పిన్ ఎటూ కాకుండా ఊగితే రిలే టిక్కుమంటుంది. మా ఊళ్ళో ఎండాకాలం కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో, మోటారు అన్ని కుదుపులు తింది. రిలే ఇన్‌పుట్‌కి 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టరు (పిన్‌ని 1 దగ్గరే పట్టి ఉంచేది) వేస్తే ఆగింది. మోటారు బదులు బల్బు పెట్టి, మెయిన్ పదిసార్లు వేసి తీసి చూడండి. ఒక్కసారి మినుక్కుమన్నా ఆ అమరిక పనికిరాదు.

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని గొలుసు ఒకటి ఉండాలి. మాది 2 ఆంపియర్ల మోటారు. పవర్ సప్లైలో కరెంట్ లిమిట్ 2.5, ఫ్యూజు 3 ఆంపియర్లు, మోటారు ఒంటికి అతికించిన, 70 డిగ్రీలకి తెరుచుకునే బైమెటల్ థర్మల్ స్విచ్, గది బయట ఎర్ర బటన్, కాపలా బోర్డు రిలే. అన్నీ సిరీస్‌లో. ఏ ఒక్కటి తెరుచుకున్నా మోటారుకి సప్లై అందదు. థర్మల్ స్విచ్ ఖరీదు రెండు టీల ఖర్చు. ఆ రాత్రి అది ఉంటే వైండింగు మాడేది కాదు.

యూపీఎస్ గురించి: కాపలా బోర్డుకీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకీ (ఇక నుంచి దాన్నే పై బోర్డు అంటాను) యూపీఎస్ ఇవ్వండి, మోటారుకి ఇవ్వొద్దు. మా స్టోర్స్‌ ఆయన మంచితనంతో మొత్తం టేబుల్‌నే యూపీఎస్‌కి కలిపాడు. కరెంటు పోయినా ఆగని మోటారు తయారైంది.

220 వోల్టుల పెద్ద మెషీన్లను దయచేసి రిమోట్‌కి ఎక్కించకండి. "ఒరిజినల్ మెషీనే చూపిస్తే తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు" అని మా దగ్గరా అన్నారు. పక్కన మనిషి లేకుండా 3 హెచ్‌పీ మెషీన్ తిప్పే ధైర్యం నాకు లేదు. ఐఐటీ బొంబాయి వాళ్ళ సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్ చూడండి: ఒక చిన్న హీటరు, ఒక ఫ్యాను, ఒక టెంపరేచర్ సెన్సారు, ఒక మైక్రోకంట్రోలర్. టేబుల్ మూలన ఇమిడిపోతుంది. కంట్రోల్ సిస్టమ్స్ పాఠమంతా దాని మీదే, ఇంటర్నెట్‌లోనే, చెప్పారు. ప్రమాదాన్ని చిన్నది చెయ్యడం కూడా సెక్యూరిటీయే.

ప్యానెల్ పెట్టెకి ఉన్న ప్రతి రంధ్రం మూసెయ్యండి. ఇంటర్నెట్ నుంచి వచ్చేవాడి కంటే మా ల్యాబ్‌ని ఎక్కువసార్లు ఆపింది బల్లి. కాంటాక్టుల మధ్య పడి అది పోయేది, ఫ్యూజూ పోయేది.

పిల్లలు రాసే ప్రోగ్రాము పరాయి ప్రోగ్రామే

మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో విద్యార్థి తన ప్రోగ్రాముని బోర్డులోకి ఎక్కించాలి కదా. అలాంటప్పుడు రెండు బోర్డులు తప్పనిసరి: ఒకటి వాడిది, ఒకటి కాపలాది. వాడి బోర్డులో ఏ తప్పు రాసినా మోటారుకి వెళ్ళే దారి కాపలా బోర్డు గుండానే. కాపలా బోర్డు యూఎస్‌బీ తీగ ఏ పీసీకీ తగిలించి ఉంచొద్దు. దాన్ని మార్చాలంటే నేను లాప్‌టాప్ పట్టుకుని టేబుల్ దగ్గరికి నడవాలి. ఆ నడకే దాని పాస్‌వర్డు.

ఒక పిన్ అవుట్‌పుట్‌గా 1 ఇస్తుంటే, దానికి కలిపిన రెండో పిన్ అవుట్‌పుట్‌గా 0 ఇస్తే రెండూ కొట్టుకుంటాయి, ఒకటి పోతుంది. ఎఫ్‌పీజీఏ బోర్డుల్లో (లోపలి సర్క్యూట్‌నే ప్రోగ్రాముతో మార్చుకునే చిప్‌లు) ఇది మరీ తేలిక. బయటికి వచ్చే ప్రతి పిన్‌కీ 330 ఓమ్‌లు సిరీస్‌లో వెయ్యండి. 3.3 వోల్టులకి ఎంత కొట్టుకున్నా 10 మిల్లీ ఆంపియర్లు దాటదు. ఎఫ్‌పీజీఏ కోసం పిల్లలు ముందే తయారుచేసి పంపే బిట్‌స్ట్రీమ్ ఫైలు (చిప్‌లోకి నేరుగా ఎక్కేది) తీసుకోకండి. వాళ్ళు వెరిలాగ్ భాషలో రాసిన ప్రోగ్రాము మాత్రమే తీసుకుని, పిన్ల ఫైలు మీది పెట్టి, మీ సర్వర్‌లోనే కంపైల్ చెయ్యండి.

ఆ కంపైల్ చేసే సర్వర్‌కీ కాపలా కావాలి. సీ ప్రోగ్రాములో ఇన్‌క్లూడ్ లైనులో హెడర్ ఫైలు బదులు సర్వర్‌లోని పాస్‌వర్డు ఫైలు దారి రాస్తే, కంపైలర్ పాపం ఆ ఫైల్లోని లైన్లనే ఎర్రర్ మెసేజ్‌గా చూపిస్తుంది. అందుకని ఒక్కో కంపైల్‌నీ ఒక్కో డాకర్ కంటైనర్‌లో (మిగతా సర్వర్ నుంచి వేరుచేసిన పెట్టె లాంటిది), నెట్‌వర్క్ లేకుండా, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) కాని యూజర్‌తో నడపండి. 30 సెకన్లు దాటితే చంపెయ్యండి. పని అయ్యాక కంటైనర్‌నీ పారెయ్యండి.

ఇంకో లెక్క ఎవరూ చెప్పరు. ఏటీమెగా 328పీ ఫ్లాష్ మెమరీకి తయారీదారు చెప్పే ఆయుష్షు 10,000 సార్లు రాయడం. రెండు సెక్షన్లు, 120 మంది, తలా వారానికి పది అప్‌లోడ్లు అనుకోండి. వారానికి 1,200. ఎనిమిది వారాలు దాటగానే, అంటే మొదటి మిడ్ నాటికి, గ్యారంటీ అయిపోయినట్టే. ఎవడైనా స్క్రిప్టు రాసి లూపులో అప్‌లోడ్ చేస్తే ఒక్కరోజు చాలు. మనిషికి స్లాటులో (వాడికి కేటాయించిన సమయంలో) పది అప్‌లోడ్లే, ఒక్కోదానికి మధ్య కనీసం 20 సెకన్లు అని సర్వర్‌లో కట్టెయ్యండి. చిప్ సాకెట్‌లో ఉండే బోర్డు కొనండి, పోతే చిప్ ఒక్కటే మార్చుకోవచ్చు.

స్లైడర్‌ని నమ్మకండి

మొదట్లో వెబ్ పేజీలో వోల్టేజి స్లైడర్ 0 నుంచి 5 దాకే జరిగేలా పెట్టి, పని అయిపోయిందనుకున్నాను. మూడో సంవత్సరం కుర్రాడొకడు వచ్చి, "సార్, కోప్పడనంటే ఒకటి చూపిస్తా" అన్నాడు. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి పేజీ కోడు తెరిచి, 5 ఉన్న చోట 12 రాసి, స్లైడర్ జరిపాడు. సప్లై మీద 12 వోల్టులు వచ్చాయి. కోప్పడలేదు, టీ ఇప్పించాను. తర్వాత ఆరు నెలలు వాడే నా పరీక్షకుడు.

బ్రౌజర్లో పెట్టే హద్దు మర్యాద కోసం. అసలు హద్దు సర్వర్‌లో ఒకసారి, కాపలా బోర్డులో ఇంకోసారి ఉండాలి.

ఆసిలోస్కోపులు (సిగ్నల్‌ని గ్రాఫుగా చూపేవి), ఫంక్షన్ జనరేటర్లు (సిగ్నల్‌ని తయారుచేసేవి) ఇంకా అమాయకులు. నెట్‌వర్క్ తీగ తగిలించిన కొలత పరికరం చాలావరకు ఎస్‌సీపీఐ అనే కొలత పరికరాల భాషలో కమాండ్లు వింటుంది. అది వినే పోర్టు, అంటే నెట్‌వర్క్‌లో తలుపు నంబరు, కీసైట్ పరికరాల్లో 5025, రిగోల్ స్కోపుల్లో 5555. యూజర్ నేమ్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు. ఎవరు పిలిచినా పలుకుతుంది, రీసెట్ అంటే రీసెట్ అవుతుంది. పీఎల్‌సీల్లో (ఫ్యాక్టరీ యంత్రాలని నడిపే కంట్రోలర్లు) మోడ్‌బస్ టీసీపీ, పోర్టు 502, అదీ అంతే. 1979లో సీరియల్ తీగల కోసం పుట్టిన భాష, తాళం అనే ఊహే అందులో లేదు.

కాబట్టి విద్యార్థి టైపు చేసిన కమాండుని స్కోపుకి నేరుగా పంపొద్దు. ఆరు టైమ్‌బేస్‌లు, నాలుగు వోల్ట్ పర్ డివిజన్లు, రన్, స్టాప్. వాడు ఎంచుకుంటాడు, కమాండు మన సర్వర్ రాసి పంపుతుంది. స్వీడన్‌లోని బ్లెకింగె విద్యాసంస్థ తయారు చేసిన వీసిర్ అనే ల్యాబ్‌లో ఇదే ఆలోచన ఇంకా అందంగా ఉంటుంది. విద్యార్థి తెర మీద బ్రెడ్‌బోర్డులో తీగలు కలుపుతాడు. అవతల నిజం రిలేలు కలపబోయే ముందు, టీచరు ముందే రాసిపెట్టిన హద్దుల జాబితాతో సర్వర్ ఆ సర్క్యూట్‌ని పోల్చి చూస్తుంది. హద్దు దాటితే రిలే కదలదు. పక్కన నిలబడి "ఆగరా, అది షార్టు" అనే మాస్టారి పని అది.

పీఎల్‌సీ మీద తాళంచెవి స్విచ్ ఉంటే రన్‌లో పెట్టి, చెవి జేబులో వేసుకోండి. ప్రోగ్రామింగ్ క్లాసు ఉన్నరోజు మాత్రమే మార్చండి.

నెట్‌వర్క్: ఏ తలుపూ బయటికి తెరవొద్దు

ముందు మీ పరిస్థితేమిటో చూసుకోండి. ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద టెర్మక్స్ (కమాండ్లు టైపు చేసే యాప్) వేసుకుని, ఎన్‌మ్యాప్‌తో (తెరిచి ఉన్న పోర్టులు చూపే సాధనం) కాలేజీ పబ్లిక్ ఐపీని, అంటే బయటికి కనపడే చిరునామాని, వెతకండి. 3389 తెరిచి ఉంటే రిమోట్ డెస్క్‌టాప్, 5900 అయితే వీఎన్‌సీ (తెరని దూరం నుంచి నడిపే ఇంకో పద్ధతి), 554 అయితే కెమెరా, 502 అయితే పీఎల్‌సీ, 1883 అయితే ఎంక్యూటీటీ (సెన్సార్లు, పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి). ఏది కనపడినా మీకంటే ముందే షోడాన్ లాంటి వెతుకుడు యంత్రాలు దాన్ని జాబితాలో ఎక్కించేసి ఉంటాయి. ఈ పని చేసే ముందు ప్రిన్సిపాల్ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా తడమడం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. మన కాలేజీయే కదా అనుకోవద్దు, గొడవైతే కాగితం అడుగుతారు.

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్ళని లోపలి పరికరం దగ్గరికి పంపే అమరిక) ఏదైనా ఉంటే తీసెయ్యండి, యూపీఎన్‌పీ (పరికరాలే అడిగి పోర్టు తెరిపించుకునే సౌకర్యం) ఆపెయ్యండి. మరి పిల్లలు లోపలికి ఎలా వస్తారు? ల్యాబ్‌లోని రాస్ప్‌బెర్రీ పై బోర్డే బయటికి వెళ్ళి, ఇంటర్నెట్‌లో ఉన్న ఒక గేట్‌వే సర్వర్‌ని పట్టుకుంటుంది. పిల్లలు ఆ సర్వర్ దగ్గరికి వస్తారు. ఆ దారికి నేను వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (రెండు యంత్రాల మధ్య రహస్య సొరంగం లాంటిది) వాడతాను. 2020 మార్చి నుంచి అది లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. కీప్ అలైవ్ (దారి మూసుకోకుండా పంపే సంకేతం) 25 సెకన్లు పెడితే చాలు, మన బ్రాడ్‌బ్యాండ్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేకపోయినా, రూటర్ల వెనక రూటర్లున్నా పనిచేస్తుంది. గేట్‌వే నుంచి ఆ ఒక్క పై బోర్డు చిరునామాకే దారి. స్కోపులకీ, పీఎల్‌సీలకీ లేదు.

పై బోర్డుకి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి బయటికి, ఒకటి పరికరాలున్న స్విచ్‌కి. పరికరాల్లో డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలెయ్యండి, వాటికి ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియాల్సిన పనిలేదు. ల్యాబ్ మొత్తాన్ని ఆఫీసు నుంచి, లైబ్రరీ నుంచి వేరే వీల్యాన్‌లో (అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టించండి. కాలేజీ నెట్‌వర్క్ చూసే ఆయన "అంతా ఒకటే నెట్ ఉంటే నాకు సుఖం" అంటాడు. ఫీజుల కంప్యూటరు కూడా అదే నెట్‌లో ఉందని మెల్లగా గుర్తు చెయ్యండి. మర్నాటికి వీల్యాన్ వస్తుంది.

పిల్లలకి వీపీఎన్ వేసుకోమని చెప్పకండి. మా వాళ్ళలో సగానికి పైగా ఫోన్ మీదే ల్యాబ్ చేస్తారు, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకేజీతో. వాళ్ళకి బ్రౌజర్, హెచ్‌టీటీపీఎస్, అంతే. హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. దానంతట అది రెన్యూ అవుతోందో లేదో నెలకోసారి చూడండి, లేకపోతే సరిగ్గా ఎక్స్‌టర్నల్ రోజు గడువు తీరి కూర్చుంటుంది.

ప్రతి కాలేజీలోనూ ఒక ముసలి పీసీ ఉంటుంది. విండోస్ 7, పాత పీఎల్‌సీ సాఫ్ట్‌వేరు, వెనకాల పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్. కొత్తది కొనాలంటే లైసెన్సుకి లక్షలు. విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది. దానికి ముందే, 2019లో, బ్లూకీప్ అనే లోపం దాని రిమోట్ డెస్క్‌టాప్‌లోనే దొరికింది, పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి వచ్చే లోపం. ఆ పీసీని పారెయ్యమని నేను చెప్పను, నా దగ్గరా ఉంది. ఇంటర్నెట్ పూర్తిగా తెంచి, పరికరాల వీల్యాన్‌లో పడేసి, అపాచీ గ్వాకమోలె (ఒక పీసీ తెరని బ్రౌజర్లో చూపించే సాఫ్ట్‌వేరు) గుండా మాత్రమే తెర కనపడేలా చెయ్యండి. విద్యార్థికి బ్రౌజర్లో ఆ పీసీ బొమ్మ కనపడుతుంది, పీసీ తగలదు. హార్డ్ డిస్క్‌ని క్లోన్ చేసి ఒక కాపీ బీరువాలో పెట్టండి.

రాస్ప్‌బెర్రీ పైలో పాత ఎస్‌డీ కార్డు ఇమేజ్‌లు వాడుతున్నవాళ్ళకి: యూజర్ నేము "pi", పాస్‌వర్డ్ "raspberry" అనే డీఫాల్ట్ జోడీని 2022 ఏప్రిల్‌లో తీసేశారు. మీ కార్డు అంతకు ముందుదైతే అది ఇంకా అలాగే ఉండొచ్చు.

లాగిన్, స్లాటు

రోల్ నంబరే యూజర్ నేము, రోల్ నంబరే పాస్‌వర్డు. మన రాష్ట్రాల్లో ఇది జాతీయ గీతం లాంటిది. జేఎన్‌టీయూ రోల్ నంబరు ఎలా ఉంటుంది? చేరిన ఏడు, కాలేజీ కోడు, 1ఏ, బ్రాంచికి 02 లేదా 04 లేదా 05, చివర రెండు అక్షరాల వరస. ఒక్కరి నంబరు తెలిస్తే క్లాసంతా తెలిసినట్టే. కాలేజీ ఈమెయిల్ ఉంటే దాంతోనే లాగిన్ పెట్టండి, సొంతంగా పాస్‌వర్డ్ల పట్టిక నడపకండి. టీచర్లకీ, నాకూ రెండో మెట్టు, అంటే ఫోన్‌లో ఆరంకెల కోడు, తప్పనిసరి. పిల్లలకి నేను పెట్టలేదు. స్లాటు గడిచాక వాళ్ళ లాగిన్‌తో పోయేదేమీ లేకుండా కట్టాను కాబట్టి.

తప్పు పాస్‌వర్డు ఐదుసార్లు కొడితే అకౌంటు లాక్ చెయ్యమని పుస్తకాల్లో ఉంటుంది. అలా చేశాను. ఇంటర్నల్ ముందురోజు రాత్రి ఒక బ్యాచ్ వాళ్ళు ఇంకో బ్యాచ్ వాళ్ళ అకౌంట్లన్నీ వరసగా లాక్ చేసి పెట్టారు. సరే, ఐపీని ఆపుదామంటే హాస్టల్ మొత్తానికీ ఒకటే ఐపీ, 300 మంది ఆగిపోయారు. ఇప్పుడు లాక్ లేదు. తప్పు కొట్టినకొద్దీ ఎదురుచూపు పెరుగుతుంది: 2 సెకన్లు, 4, 8, అలా ఒక నిమిషం దాకా. యంత్రంతో ఊహించేవాడికి అది శిక్ష, మర్చిపోయిన పిల్లకి కాదు.

స్లాటు అరగంట: 25 నిమిషాలు ప్రయోగం, 5 నిమిషాలు శుభ్రం చెయ్యడానికి. ఒక్కరి చేతిలోనే కంట్రోలు, మిగతా బ్యాచ్ చూడొచ్చు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పేజీ తెరిచినప్పుడు టోకెన్ (ఈ స్లాటు వీడిదే అని చెప్పే చీటీ లాంటిది) చూస్తారు, ఆ తర్వాత చూడరు. వెబ్‌సాకెట్ (పేజీకీ సర్వర్‌కీ మధ్య కమాండ్లు వెళ్ళే దారి) ఒకసారి తెరుచుకుంటే స్లాటు అయిపోయినా అది తెరిచే ఉంటుంది. ట్యాబ్ మూయకుండా కూర్చున్న అబ్బాయి, తర్వాతి స్లాటు అమ్మాయి మోటారుని తిప్పుతూనే ఉన్నాడు. ఆమె రీడింగులు ఎందుకు రావడం లేదో నాకు గంట పట్టింది తెలుసుకోవడానికి. ప్రతి కమాండు దగ్గరా టోకెన్, టైమూ చూడండి. స్లాటు ముగిశాక సాకెట్‌ని సర్వరే తెంచాలి.

శుభ్రం అంటే: సప్లై సున్నాకి, స్కోపు రీసెట్, విద్యార్థి బోర్డులోకి ఖాళీ ప్రోగ్రాము, ఫైళ్ళు తుడిచెయ్యడం. పీఎల్‌సీలోకి మీ దగ్గరున్న అసలు ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించడం. కాపీ కొట్టడమూ ఆగుతుంది, ముందువాడు వదిలిన కొంటె పనులూ పోతాయి.

కెమెరా, లాగ్, ఎర్ర బటన్

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవై పైచిలుకు డీఫాల్ట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జోడీలతోనే లక్షల కెమెరాలనీ రూటర్లనీ తన సైన్యంలో కలుపుకుంది. కెమెరా లింకు పిల్లలకి నేరుగా ఇవ్వొద్దు. పై బోర్డు దాని నుంచి తీసుకుని పంచాలి. 640 బై 480, సెకనుకి పది ఫ్రేములు మోటారు చూడటానికి చాలు, పిల్లల డేటా కూడా మిగులుతుంది. మైకు ఆపెయ్యండి. కెమెరాని టేబుల్ మీదకే దించి బిగించండి, తలుపు కనపడకూడదు. స్లాటు లేనప్పుడు కెమెరాకి సప్లై కూడా ఉండకూడదు. పొద్దున్నే ఆరింటికి ల్యాబ్ తుడిచే అమ్మని, ఎవరో ఫోన్‌లో చూస్తూ ఉండొచ్చనే సంగతి ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. పాలిటెక్నిక్‌లో పెట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అక్కడ పిల్లలు చాలామంది 18 నిండనివాళ్ళు, 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో బాలలే. పేరు, ఈమెయిల్, రీడింగులు తప్ప వాళ్ళ గురించి ఏదీ దాచకండి.

లాగ్‌లో ఉండాల్సింది ఎవరు, ఎప్పుడు, ఏ కమాండు, ఏ విలువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, సంఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని, గడియారాలు ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైము సరిచేసుకునే పద్ధతి) కలపాలని ఉంది. మనలాంటి ల్యాబ్‌కి అది వర్తిస్తుందా అని వాదించుకునే బదులు ఆ 180 రోజులే లెక్కగా పెట్టుకున్నాను. లాగ్ ఎస్‌డీ కార్డులోనే ఉంచితే కరెంటు కోతకి కార్డుతోపాటు పోతుంది, గేట్‌వేకి పంపండి. లాగ్ చూసి మార్కులు తగ్గించాలని ఒక మాస్టారు అడిగారు, ఎవరు ఎన్నిసార్లు తప్పు చేశారో లెక్కతీస్తానని. ఇవ్వలేదు. తప్పులు చెయ్యడానికే కదా ల్యాబ్.

సెమిస్టర్ మొదలయ్యే ముందు శనివారం నేనొక్కడినే కూర్చుని చేసే పని ఇది. మోటారు ఫుల్ స్పీడులో ఉండగా లాన్ తీగ పీకుతాను, ఐదు లెక్కపెడతాను. పై బోర్డు సప్లై పీకుతాను. మెయిన్ దించి వేస్తాను. థర్మల్ స్విచ్‌కి సోల్డరింగ్ ఐరన్ దగ్గరగా పెడతాను. పోయినేడాది సీనియర్ల అకౌంట్లు తీసేశానో లేదో ఒక పాత రోల్ నంబరుతో చూస్తాను. ఏ ఒక్కటి తప్పినా సోమవారం స్లాట్లు తెరవను.

చివర్లో వాచ్‌మన్ బాబాయ్‌ని పిలుస్తాను. ఎర్ర బటన్ ఇప్పుడు వరండాలో, టార్చి వెలుగులో కూడా కనపడే ఎత్తులో ఉంది. పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం: "రాత్రి లోపల చప్పుడు వస్తే ఇది నొక్కండి, తర్వాత ఫోన్ చెయ్యండి." మోటారు వేసి, ఆయన చేతే నొక్కిస్తాను. మొదటిసారి వేలు బటన్ మీద పెట్టి నా మొహం చూశాడు. నొక్కితే ఎవరూ ఏమీ అనరని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.